వెనక వాకిలి నెంబరు ముప్పై ఏడు

1984 జూన్ 11, సోమవారం. ఎర్రమిట్ట.

ముప్పై మూడేళ్ళు నంద్యాలలో స్కూలు లాగ్‌బుక్ రాశాను. అది సర్కారు పుస్తకం. ఇన్‌స్పెక్టరు చదివితే ఇబ్బంది లేనివి మాత్రమే అందులో రాయాలి. ఇది నా సొంత నోటుబుక్కు. రిటైరైన ఆరేళ్ళకు మళ్ళీ కలం పట్టడానికి కారణం ఒక్కటే. ఈరోజు నన్నొక పని అడిగారు. అటువంటి పని నా దగ్గర చదివే పిల్లలెవరైనా చేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. ఈ వ్యవహారంలో నేను ఏ రోజు ఏం చేశానో తేదీలతో సహా ఒకచోట ఉండాలి. జ్ఞాపకం మనిషికి అనుకూలంగా సర్దుకుంటుంది. సిరా సర్దుకోదు.

అడిగినవాడు సుబ్బయ్య, మా పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు. 1953లో నా దగ్గర నాలుగో తరగతి. ఎక్కాలు రావు, వినయం బాగా వచ్చు.

"పార్లమెంటు కమిటీ వస్తాంది టీచరమ్మా, ఢిల్లీ నుంచి. వచ్చే నెల పంతొమ్మిదికి మన కాలనీ చూస్తారంట."

"చూడనీ."

"చూసేకి యాడుండాది టీచరమ్మా?"

అది నిజమే. కాగితం మీద మా కాలనీలో నలభై ఎనిమిది ఇళ్ళు. నేల మీద ముప్పై ఒకటి, అన్నీ ఒకే వరసలో. వరసకు ముందర ఒక వీధి, వెనక ఒక వీధి. వెనక వీధికి అవతల మిగిలిన పదిహేడు ఇళ్ళు ఉండాలి. అక్కడ కంపచెట్లు ఉన్నాయి. ఆ కంపచెట్లలో ముప్పై ఏడో నెంబరు నా కోడలు ఏసమ్మది. పట్టా నా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.

మేముండేది కాలనీ చివర బోదగడ్డి కప్పిన కొట్టంలో. కొడుకు సంజీవయ్య శ్రీశైలంలో కరెంటు పనిలో ఉన్నాడు, నెలకొకసారి వస్తాడు. ఏసమ్మకు సెప్టెంబరులో రెండో కాన్పు. పోయినేడు వానలకు ఈ కొట్టంలో కారేచోట్ల తొమ్మిది గిన్నెలు పెట్టాం. మా ఇంట్లో ఉన్నవి తొమ్మిదే.

సుబ్బయ్య కోరినవి రెండు. కమిటీవారు ముందుగా పంపిన నలభై మూడు ప్రశ్నలకు మంచి ఇంగ్లీషులో, మంచి దస్తూరీతో జవాబులు రాసివ్వాలి. ఆ రోజు జనం ఎట్లా నిలబడాలో, ఏమడిగితే ఏం చేయాలో నేర్పాలి.

"ఇన్‌స్పెక్షనుకు స్కూలును తయారుచేస్తాంటిరే, అట్ల. దొర్నిపాడు నుంచి పన్నెండు మంది పిల్లోల్ను తెప్పించి బెంచీలు నింపింటిరి. నేను మర్చిపోలే."

"వాళ్ళు మన స్కూలు చూసేకి వచ్చినారు."

"పలకలు చంకన పెట్టుకోనా?"

ఆ విషయం ఇక్కడ అనవసరం.

"కమిటీ పోయిన మర్నాడే ముప్పై ఏడుకు పునాది ముగ్గు పోపిస్తా టీచరమ్మా. నా బిడ్డల తోడు. సెప్టెంబరుకు కప్పు పడతాది."

నేను ఒప్పుకోలేదు. ఆలోచిస్తానని మాత్రం అన్నాను. వాడు బాగా కిందికి వంగి దండం పెట్టి పోయాడు. ఒప్పుకోనివాళ్ళకు ఎవరూ అంత కిందికి వంగరు.

జూన్ 13.

వాన. ఆరు గిన్నెలు.

జూన్ 15, శుక్రవారం.

ఒప్పుకున్నాను. షరతులు మూడు. అబద్ధం రాయను. ఎవరిచేతా అబద్ధం చెప్పించను. జూలై ఇరవయ్యో తేదీన ముగ్గు పడాలి. సుబ్బయ్య మూడింటికీ తలూపాడు. పదమూడో ఎక్కం వచ్చునా అంటే కూడా వాడు ఇట్లాగే తలూపేవాడు.

జూన్ 18, సోమవారం.

జవాబులు పూర్తయ్యాయి. సుబ్బయ్య చిత్తుప్రతి చదివితే తల తిరిగింది. తొమ్మిదో ప్రశ్న: ఎన్ని గృహములు లబ్ధిదారులకు అప్పగించబడినవి? దానికి వాడు నలభై ఎనిమిది అని రాశాడు. కొట్టేశాను. "నలభై ఎనిమిది మంది లబ్ధిదారులకు పట్టాలు అందజేయబడినవి" అని రాశాను. అక్షరాలా నిజం. పట్టా అంటే ఇల్లని ఎవరైనా అనుకుంటే అది చదివేవారి తొందరపాటు.

పద్నాలుగో ప్రశ్న: కాలనీలో బోరింగు ఉన్నదా, ఎంత దూరంలో? "ఉన్నది, నలభై గజాలు" అని రాశాను. అందులో నీళ్ళు ఉన్నాయా అని వాళ్ళు అడగలేదు. అడగనిది చెప్పడం పరీక్షలో కూడా దోషమే.

ఇరవై ఒకటో ప్రశ్న దగ్గర ఇద్దరం ఆగాం. కాలనీ నమూనా తయారుచేసేటప్పుడు గ్రామసభ జరిపి ప్రజల అభిప్రాయం తీసుకున్నారా?

"సభ జరిపినావా సుబ్బయ్యా?"

"సంతకాలుండాయి."

"నేను సభ గురించి అడుగుతాండా."

"సంతకాలు పెట్టేకి అందరూ ఒకతావుకు వచ్చిండ్రి గదా టీచరమ్మా. సభంటే ఇంకేముంటాది?"

"అభిప్రాయం?"

"బేగా పంపించు, పనుండాది అనిరి. అదే అభిప్రాయం."

"హాజరైనవారి సంతకములు జతపరచడమైనది" అని రాశాను.

నలభై మూడు జవాబులు. ఒక్క అబద్ధం లేదు, ఒక్క కొట్టివేత లేదు. ట్రైనింగు పరీక్షలో కూడా ఇంత కష్టమైన వ్యాసం రాయలేదు. ఈ సాయంత్రం మనసు తేలికగా ఉంది.

జూన్ 22, శుక్రవారం.

ఇరవై ఆరో నెంబరు ఇంటివాడు హుస్సేన్ పీరా. ఆళ్ళగడ్డలో దుకాణాలకు బోర్డులు రాస్తాడు. కాలనీకి నెంబర్లు రాసే పని పంచాయతీవాళ్ళు అతనికే ఇచ్చారు. ముందు వీధిలో ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా రాసి వెనక వీధికి పోయాడు. చూస్తే, ముప్పై ఒకటో ఇంటి వెనక తలుపు మీద ముప్పై రెండు రాస్తున్నాడు.

"ఏంది పీరా ఇది?"

"సుబ్బయ్యసారు చెప్పినాడు టీచరమ్మా. జీపు ముందర వీధిలో పోయి, వెనక వీధిలో తిరిగి వస్తాదంట. పోతా ముప్పై ఒకటి చూస్తారు, వస్తా పదిహేడు చూస్తారు. కలిపితే నలభై ఎనిమిది."

"నలభై ఎనిమిది తర్వాత?"

"ఆడ జీపు మళ్ళుకుంటాది. సారు లెక్క తప్పడు."

సుబ్బయ్యకు లెక్క రావడం నేను బతికుండగా చూస్తాననుకోలేదు. పైగా లెక్క చక్కగా కుదిరింది. ముందరి నెంబరు, వెనక నెంబరు కూడితే ప్రతి ఇంటికీ అరవై మూడే వస్తుంది. ముప్పై ఒకటి, ముప్పై రెండు. ముప్పై, ముప్పై మూడు. ఆ లెక్కన పీరా ఇల్లు ముందర ఇరవై ఆరు, వెనక ముప్పై ఏడు. అంటే ఏసమ్మ ఆ రోజు షరీఫా వెనక వాకిట్లో నిలబడాలి.

షరీఫా పీరా భార్య. నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుడు రాసిన నెంబరు చూస్తోంది.

"నా తలుపు మీద ఇంకొకరి నెంబరు రాస్తాండావే, రేపు వాళ్ళొచ్చి నా తలుపు అంటే?"

"ఒక్క పూట నెంబరేనే. సున్నం కలిపి రాసినా, వానకు పోతాది."

"ముందరిది దేంతో రాస్తివి?"

"ముందరిది ఆయిల్ పెయింటు."

"అయితే సరే," అంది షరీఫా. తర్వాత నావైపు తిరిగి, "ఏసమ్మ కోసమని ఒప్పుకుంటి టీచరమ్మా. కడుపుతో ఉండాది. ఆ పొద్దు ఆమెకు స్టూలు ఏపిస్తా, ఎంతసేపని నిలబడతాది?" అంది.

ముందర ఒక నెంబరు, వెనక ఒక నెంబరు రాయడం అబద్ధమవుతుందా అని ఆలోచించాను. అంకెలు ఏమీ చెప్పవు. చూసేవారు చెప్పుకుంటారు.

జూన్ 24, ఆదివారం.

చర్చికి పోలేదు. మోకాళ్ళ నొప్పి.

జూలై 2, సోమవారం.

రిహార్సలు. నలభై ఎనిమిది కుటుంబాలకు ఒక్కొక్కరు వచ్చారు. అందరినీ వరసల్లో కూర్చోబెట్టాను. వెనక వరసలో బీడీలు ఆర్పించాను.

స్కూల్లో నాకొక పద్ధతి ఉండేది. ఇన్‌స్పెక్టరు ఎదుట నేను ప్రశ్న వేస్తే పిల్లలందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. ఆయనకు తరగతి నిండా చేతులు కనిపిస్తాయి. నేను కుడి చెయ్యి ఎత్తినవాళ్ళనే లేపి అడుగుతాను. ఇక్కడా అదే నేర్పాను. ఇల్లు అందిందా అని కమిటీవారు అడిగితే అందరూ చెయ్యి ఎత్తాలి. అందినవాళ్ళు కుడిది, ఇంకా అందనివాళ్ళు ఎడమది. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అడిగినవారికి చెయ్యి కనిపిస్తుంది. ఏ చెయ్యో దేవుడికి తెలుస్తుంది.

నలభై రెండో నెంబరు పట్టా అంకమ్మది. ఆమెకు కుడి ఎడమలు తెలియవు.

"అన్నం తినే చెయ్యి ఎత్తల్నా టీచరమ్మా?"

"నీకు ఇల్లు రాలేదు గదా. తినని చెయ్యి ఎత్తు."

"రెండూ ఎత్తి దండం పెడితే?"

"ఒకటే ఎత్తాల."

"రెండు చేతులూ ఎత్తి మొక్కినా రాని ఇల్లు ఒక చెయ్యి ఎత్తితే వస్తాదా?" అంది అంకమ్మ. అందరూ నవ్వారు. నిశ్శబ్దం అని గట్టిగా అరవాల్సి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత కూడా నా గొంతు బాగానే ఉంది.

మూడుసార్లు చేయించాను. మూడోసారి కుడివి ముప్పై ఒకటి, ఎడమవి పదిహేడు. సరిపోయింది. సుబ్బయ్య వెనక నిలబడి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. "నేను నాలుగో తరగతి అంతా ఎడమ చెయ్యే ఎత్తింటి టీచరమ్మా," అన్నాడు.

జూలై 8, ఆదివారం.

మోకాళ్ళ నొప్పి.

జూలై 10.

ఎనిమిది గిన్నెలు. ఏసమ్మ మంచం మూడుసార్లు జరిపాం. "ఇంకో పది దినాలే గదా అత్తా," అంది. మనవరాలు సలోమి గిన్నెల్లో చుక్కలు పడే చప్పుడుకు ఎక్కాలు చదువుతోంది. పదమూడో ఎక్కం వచ్చేసింది.

జూలై 19, గురువారం.

అంతా సక్రమంగా జరిగింది. వివరంగా రాస్తాను.

కమిటీ పదకొండింటికి వస్తామన్నది ఒంటిగంటన్నరకు వచ్చింది. తొమ్మిది మంది సభ్యులు. వారి వెనక ఆఫీసర్లు ఇరవై ముగ్గురు. ఆఫీసర్లు సభ్యుల చుట్టూ నిలబడ్డారు కాబట్టి సభ్యులకు కాలనీ కంటే ఆఫీసర్లే ఎక్కువ కనిపించి ఉంటారు. నలభై మూడు జవాబుల కాగితాలు అధ్యక్షులవారి చేతిలో ఉన్నాయి. "దస్తూరీ ఎవరిది?" అని అడిగారు. సుబ్బయ్య నన్ను చూపించాడు. ఆయన తలవంచి నమస్కారం చేశారు. నేను దీన్ని గొప్పగా భావించలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తర్వాత సభ. అధ్యక్షులవారు ఇంగ్లీషులో అడిగారు, నేను తెలుగులో చెప్పాను. "ఇల్లు అందినవాళ్ళు చేతులెత్తండి." నలభై ఎనిమిది చేతులు లేచాయి. అంకమ్మ కూడా తప్పు చేయలేదు. ఆళ్ళగడ్డ స్టూడియో అతను ఫోటో తీశాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

జీపు ముందు వీధిలో మెల్లగా పోయింది. ఇరవై ఆరో ఇంటి దగ్గర ఒక ముసలి సభ్యుడికి దాహం వేసింది. ఖద్దరు బట్టలు, చేతికర్ర, ఉత్తరాది మనిషి. ఇది రిహార్సలులో లేదు. దుబాసీగా నేను ఆయన వెంట దిగాను. షరీఫా చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన లోపలికి వచ్చి బేతంచెర్ల బండల నేల మీద చెప్పులు విడిచి నిలబడి, అరికాళ్ళకు చల్లగా ఉందని మెచ్చుకున్నారు. అంతటితో బయటికి రావాల్సినవారు, వెనక తలుపు సందులోంచి వెలుతురు చూసి నేరుగా అటు నడిచి తలుపు తీశారు.

అవతల స్టూలు మీద ఏసమ్మ. చేతిలో బంతిపూల దండ. జీపు అటునుంచి వచ్చినప్పుడు వేయాలి. ఇంట్లోనుంచి మనిషి వస్తాడని అనుకోలేదు. భయపడి ఆయన మెడలో వేసేసింది.

ఆయన దండ సర్దుకుంటూ వెనక్కి తిరిగి తలుపు చూశారు. ముప్పై ఏడు. ముందు తలుపు వరకూ నడిచిపోయి చూశారు. ఇరవై ఆరు. మళ్ళీ వచ్చి చూశారు. మనిషి ముసలివాడే, బుద్ధి ముసలిది కాదు. గడప అవతల సుబ్బయ్య ముఖం సున్నం కొట్టినట్టు అయింది.

"ఏమిటిది?" అని ఆయన నన్నే అడిగారు.

ఏసమ్మ నావైపు చూసింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను: "అయ్యా, ఈ ఇంట్లో రెండు కుటుంబాలు ఉంటున్నాయి. ముందు వాకిలి ఒకరిది, వెనక వాకిలి ఒకరిది. చోటు వృథా కాకుండా ఈ పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటలు మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నారు.

ఇది అబద్ధమా అని ఆలోచించాను. ఆ నిమిషంలో ఆ ఇంట్లో రెండు కుటుంబాల మనుషులు ఉన్నమాట వాస్తవం. షరీఫా ఒకటి, ఏసమ్మ ఒకటి. కాబట్టి పూర్తిగా అబద్ధం అనలేం.

వాళ్ళు పోయాక షరీఫా అడిగింది. "ఇంగ్లీషులో ఏమో చెప్తివే ఆయప్పకు, రాసుకోనె. ఏం చెప్తివి?"

"నీ ఇల్లు బాగుందంట."

"అవునా!" అంది. వెంటనే చీపురు తీసుకుని, ఊడ్చిన ఇంటినే మళ్ళీ ఊడ్చింది.

జూలై 20, శుక్రవారం.

సుబ్బయ్య ఫోటోకు పటం కట్టించి తెచ్చిచ్చాడు. నలభై ఎనిమిది చేతులు. మధ్యలో నేను. ముగ్గు సోమవారం పోస్తారట. మేస్త్రీ ఊర్లో లేడట.

జూలై 23.

మేస్త్రీ బేతంచెర్ల పోయాడు.

జూలై 30, సోమవారం.

మేస్త్రీ వచ్చాడు. సుబ్బయ్య లేడు. తొమ్మిది గిన్నెలు.

ఆగస్టు 5, ఆదివారం.

మోకాళ్ళు. తొమ్మిది గిన్నెలు, సలోమి పలక.

ఆగస్టు 16, గురువారం. నంద్యాల.

బస్సెక్కి నేనే వచ్చాను. మోకాళ్ళ నొప్పితో హౌసింగు ఆఫీసు మెట్లు ఇరవై రెండు ఎక్కాను. గుమాస్తా నా మాట వినకముందే లేచి కుర్చీ వేశాడు.

"ఎర్రమిట్ట టీచరమ్మ మీరేనా? మీ ఊరికి పేరొచ్చింది మేడమ్!"

ఫైలు తెచ్చి చూపించాడు. కమిటీవారు పోయేముందు జిల్లా ఆఫీసర్లకు ఇచ్చిన సూచనలు, పన్నెండు పేజీలు. ఏడో పేజీలో మా ఊరు. "ఎర్రమిట్టలో పరిమిత స్థలమును సద్వినియోగపరచుచూ అమలైన ద్విముఖ గృహ నమూనా ప్రశంసనీయము. ఇతర జిల్లాలకును అనుసరణీయము." దాని కింద కొటేషను గుర్తుల మధ్య ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ముందు వాకిలి ఒకరిది, వెనక వాకిలి ఒకరిది. ఒక్క తప్పు లేదు. నా వాక్యాలు.

"అయితే ముప్పై ఏడో నెంబరు ఎప్పుడు కడతారు?"

"కట్టేదేముంది మేడమ్, ఉంది గదా. ఇరవై ఆరు వెనకాల. పదిహేను నుంచి ముప్పై ఒకటి దాకా పదిహేడు ఇళ్ళకు నడుమ ఒక్కొక్క గోడ పెడితే మోడల్ పూర్తి. కంపచెట్ల స్థలంలో కమిటీవారు పార్కు సూచించారు."

నేను చెప్పవచ్చు. అక్కడే, ఆ కుర్చీలో కూర్చుని, అది నేనన్న మాట, నిజం కాదు అని చెప్పవచ్చు. గుమాస్తా టీ తెప్పించాడు. తాగాను. చక్కెర ఎక్కువ.

ఆగస్టు 20, సోమవారం.

ఉదయం మేస్త్రీ మా కొట్టానికి వచ్చి సుద్దముక్క అడిగాడు. ఇచ్చాను. ఎందుకని అడగలేదు. పది నిమిషాల తర్వాత షరీఫా గొంతు వినిపించింది. పోయాను.

ఇరవై ఆరో ఇంట్లో, బేతంచెర్ల బండల మీద, ఈ గోడ నుంచి ఆ గోడకు తెల్ల గీత. నా సుద్దముక్కతో.

"పొయ్యి మీద పోతాంది గదప్పా గీత!" అంటోంది షరీఫా.

"ఆర్డరు సగానికి గీయమన్నారమ్మా. సగం ఆడికే వస్తాంది," అన్నాడు మేస్త్రీ. "పొయ్యి మీకు ఒక రాయి, వాళ్ళకు రెండు రాళ్ళు."

హుస్సేన్ పీరా గడప మీద కూర్చుని ఉన్నాడు. "సున్నంతో రాస్తే పోతాదనుకుంటి. వాన కూడా సర్కారు పక్కే," అన్నాడు. ముప్పై ఏడు ఇంకా చెక్కు చెదరలేదు.

షరీఫా నా దగ్గరికి వచ్చింది. "ఆ పొద్దు ఆ ముసలాయప్ప నా ఇల్లు బాగుందన్నాడని చెప్తివే."

"అవును."

"బాగుంటే సగం తీసుకుంటారా టీచరమ్మా?"

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని చెప్పి వచ్చేశాను.

గోడ రాళ్ళు ఇంకా రాలేదు కాబట్టి మేస్త్రీ గీత గీసి పోయాడు. ఇట్లాగే పదిహేడు ఇళ్ళలో. సుద్దముక్క వాపసు ఇచ్చాడు. కొంచెం అరిగింది.

కొట్టంలో ఏసమ్మ అంది: "నేను ఆడికి పోను అత్తా. ఆమె పొయ్యి చీల్చి నా బిడ్డకు నీళ్ళు కాగబెడతానా?" నా కోడలు నాతో ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి. మందలించడానికి తగిన కారణం దొరకలేదు.

ఆగస్టు 25, శనివారం.

తెల్లవారినప్పటి నుంచి వాన. గిన్నెలు తొమ్మిది, కారేచోట్లు లెక్కలేనన్ని. పదకొండు గంటలకు కొట్టం పడమటి గోడ కూలింది. ఏసమ్మ, సలోమి తూర్పు మూల ఉన్నారు. దెబ్బలు తగల్లేదు. ట్రంకుపెట్టె మట్టి కింద పడింది. పట్టా తడవలేదు. ఉండీ ఏం ప్రయోజనమో తెలియదు.

అందరికంటే ముందు వచ్చినది షరీఫా. గోనెసంచి తల మీద కప్పుకుని, ఏసమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. వెనక వీధి దగ్గర ఏసమ్మ వెనక తలుపు వైపు తిరిగింది.

"యాడికి పోతాండావ్?" అంది షరీఫా. "ముందర వాకిట్లో నుంచి రా. నువ్వు ముప్పై ఏడో నెంబరువు కాదు, మా ఇంటికొచ్చిన మనిషివి."

చుట్టూ తిప్పి, వానలో, ముందర వాకిట్లో నుంచే తీసుకుపోయింది. ఏసమ్మను గీతకు అవతల కాదు, ఇవతల కాదు, ఎక్కడ తడి లేదో అక్కడ పడుకోబెట్టింది. పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం సుబ్బయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. లోపలికి తొంగిచూశాడు. ముఖం వెలిగింది.

"అందరూ బాగుండారు గదా. దేవుడుండాడు టీచరమ్మా! చూడండి, రెండు కుటుంబాలు చేరిపాయ. గోడ ఒకటే తక్కువ. సోమవారం స్టూడియో అతన్ని తీసుకోనొస్తా. కమిటీకి ఫోటో పంపిద్దాం. మీరు కింద రెండు లైన్లు ఇంగ్లీషులో రాసీయండి."

షరీఫా పొయ్యి ఊదుతూ తల తిప్పి నన్ను చూసింది. ఏం రాయమంటున్నాడో ఆమెకు తెలియదు. తెలుగే గదా మాట్లాడాడు, తెలిసిందేమో. నేను గోడ వైపు చూశాను.

సోమవారం ఆ ఫోటో తీస్తే నేను చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. తర్వాత దాన్ని అబద్ధమని నిరూపించడం నా వల్ల కూడా కాదు. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదని అనుకున్నాను. వెనక్కి తిప్పి చదివాను. నలభై మూడు జవాబుల్లాగానే ఉంది.

షరీఫా ఇంట్లో, గీత పక్కన కూర్చుని రాస్తున్నాను. ఇకమీదట జరగవలసినవి:

1. ఆ రోజు నేను ఇంగ్లీషులో అన్నమాట షరీఫాకు తెలుగులో మాట పొల్లుపోకుండా చెప్పాలి. ఈరోజే, ఆమె అన్నం పెట్టకముందే. పొమ్మంటే, పొమ్మనవలసినది నన్ను మాత్రమేనని, ఏసమ్మను కాదని అడగాలి.

2. పొయ్యి మీది గీత తడిగుడ్డతో తుడవాలి. నేనే. తర్వాత మిగిలిన పదహారు ఇళ్ళలో కూడా, వాళ్ళు తలుపు తీస్తే.

3. కమిటీ అధ్యక్షులవారికి ఉత్తరం. మొదటి వాక్యం: "ముప్పై ఏడో నెంబరు ఇల్లు లేదు, రెండు కుటుంబాలని చెప్పినది నేను." నా వయసు గురించి, కోడలి కాన్పు గురించి రాయకూడదు.

4. చేతుల ఫోటో జతపరచాలి. ఎడమ చేతులు లెక్కపెట్టమనాలి. పదిహేడు. నెగటివు తిరగేసి ఫోటో కడిగారని ఎవరూ అనకుండా, సుబ్బయ్య గడియారం ఎడమ చేతికే ఉన్న సంగతి రాయాలి. నేను కూడా అందులో చెయ్యి ఎత్తి ఉన్నాను. ఆ కాలనీలో నా పేరున పట్టా కూడా లేదు. ఎందుకు ఎత్తానో తెలియదు. అది కుడి చెయ్యి.

5. నలభై మూడు జవాబులు మళ్ళీ రాయాలి. బోరింగులో నీళ్ళు లేవు. సభ జరగలేదు. ఇళ్ళు ముప్పై ఒకటి.

6. సోమవారం ఉదయం, స్టూడియో అతను రాకముందు, ఆళ్ళగడ్డ పోస్టాఫీసులో రిజిస్టరు చేయించాలి. నకలు సుబ్బయ్యకు చేతికి ఇవ్వాలి. వాడికి నష్టం జరుగుతుంది. ఎడమ చెయ్యి ఎత్తడం నేర్పినది నేనే కాబట్టి అది కూడా ఉత్తరంలో రాయాలి.

7. నలభై ఎనిమిది మందినీ మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాలి: ఇకమీదట ఎవరొచ్చి ఏమడిగినా చేతులెత్తొద్దు, నోరు తెరిచి చెప్పండి. ముందుగా అంకమ్మ దగ్గర నేను నేర్చుకోవాలి.

8. రేపు ఆదివారం. చర్చికి పోవాలి. మోకాళ్ళకు ఏమీ లేదు. జూన్ నుంచీ ఏమీ లేదు.